గుప్పెడు మాత్రలు మింగాను, ఒక్కటి తప్ప

మీరు నన్ను తిట్టుకోరన్న ధైర్యంతో చెబుతున్నాను. డాక్టరు రాసిచ్చిన బీపీ మాత్రల చీటీని చాలాకాలం బీరువాలో బట్టల కింద దాచిపెట్టాను. సరిగ్గా ఆ రోజుల్లోనే, వయసును వెనక్కి తిప్పుతాయన్న మాత్రలు పొద్దునా సాయంత్రం గుప్పెడు గుప్పెడు మింగాను. బీపీ మాత్ర చేదూ కాదు, పెద్ద ఖరీదూ కాదు. రోజుకొకటి వేసుకుని నీళ్లు తాగితే అయిపోయే పని. కానీ అది వేసుకుంటే ముసలాణ్ణయ్యానని ఒప్పుకున్నట్టేనని నా భయం. ఆ రెండో రకం మాత్రలు వేసుకుంటున్నప్పుడు మాత్రం ముసలితనాన్ని ఎదిరిస్తున్నానన్న ధీమా.

అసలిదంతా షష్టిపూర్తి మాటతో మొదలైంది. "నాన్నా, వచ్చే ఏడు మీకు అరవై నిండుతాయి కదా, అందర్నీ పిలిచి ఘనంగా చేద్దాం" అంది మా అమ్మాయి, ప్రేమగానే. నాకు గుండెలో రాయి పడింది. శుభలేఖ మీద అచ్చువేస్తారు. అది ఊరూరా తిరుగుతుంది. ఎన్నో ఏళ్లుగా ఎవరడిగినా "యాభై దాటాయి లెండి" అంటూ నెట్టుకొస్తున్న మనిషిని. జుట్టుకు రంగు వేసుకునే ఆదివారం ఎవరైనా తలుపు కొడితే, వాళ్లు వెళ్లేదాకా స్నానాలగదిలోంచి బయటికి రాని మనిషిని. "ఇప్పుడెందుకమ్మా అంత ఖర్చు" అని మాట దాటేశాను. ఆ రాత్రే ఫోను పట్టుకుని కూర్చున్నాను.

నేను చదివినవి అబద్ధాలు కావు. చిక్కంతా అక్కడే వచ్చింది. వృద్ధాప్యం మీద ఇవాళ జరుగుతున్న పరిశోధన నిజంగా గొప్పది. శరీరం ముసలిదయ్యేటప్పుడు కణాల్లో ఏమేం చెడుతుందో 2013లో శాస్త్రవేత్తలు తొమ్మిది లక్షణాలుగా గుర్తించారు, 2023 నాటికి వాటిని పన్నెండు చేశారు. కణం తనలోని చెత్తను తానే అరిగించుకునే తీరును బయటపెట్టిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఇక రాపామైసిన్ కథ చదివిన రాత్రి నాకు నిద్రే పట్టలేదు. ఈస్టర్ ద్వీపం నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవిలో దొరికిన మందు అది. దానిమీద పనిచేస్తున్న మందుల కంపెనీ ఆ పని పక్కన పెట్టేస్తే, కెనడాలో పనిచేస్తున్న మన దేశపు శాస్త్రవేత్త సురేన్ సెహగల్ దాన్ని తన ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడాడు. 2009లో అమెరికాలో ఆ మందును 600 రోజుల వయసున్న ఎలుకలకు పెడితే, గరిష్ఠ ఆయుర్దాయం ఆడవాటికి 14 శాతం, మగవాటికి 9 శాతం పెరిగింది. ఎలుకకు 600 రోజులంటే మనిషికి అరవై ఏళ్లకు దగ్గర. అరవై! ఆ పరిశోధన నాకోసమే చేసినట్టనిపించింది.

అది ఎలుకల్లో జరిగిన సంగతన్న మాట నా కళ్లకు ఆనలేదు. అదే మందును మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవాళ్లకు, శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణచడానికి ఇస్తారన్న మాటా ఆనలేదు. ఆశ పడ్డవాడి కళ్లు తనకు కావలసిన వాక్యం దగ్గరే ఆగుతాయి. మీకూ ఇది అనుభవమే అయి ఉంటుంది. జాతకం చూపించుకున్నప్పుడు రాజయోగం ఒక్కటే గుర్తుంటుంది కదా.

అదృష్టం కొద్దీ రాపామైసిన్ చీటీ లేకుండా దొరకలేదు. చీటీ లేకుండా దొరికేవన్నీ తెప్పించాను. ద్రాక్ష తొక్కలో ఉండే పదార్థమని ఒకటి, కణాలకు శక్తినిస్తుందని ఒకటి, తుప్పు పట్టనివ్వదని ఇంకొకటి. కొరియర్ పొట్లాలు వస్తే "పుస్తకాలు" అని మా ఆవిడతో చెప్పేవాణ్ణి. ఇంట్లో కొత్త పుస్తకం ఒక్కటీ కనబడకపోయినా పాపం ఆవిడ అడగలేదు.

ఈ ఆశ నాతో పుట్టింది కాదు. శుక్రాచార్యుడి శాపంతో ముసలివాడైన యయాతి కొడుకుల్ని ఒక్కొక్కరినీ యవ్వనం అప్పడిగాడు. చివరికి పూరుడు ఇచ్చాడు. 2023లో బ్రయన్ జాన్సన్ అనే అమెరికా కోటీశ్వరుడు పదిహేడేళ్ల కొడుకు రక్తంలోంచి తీసిన ప్లాస్మాను తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొద్ది నెలలకే, ప్రయోజనమేమీ కనబడలేదని తనే ప్రకటించాడు. 1889లో పారిస్‌లో బ్రౌన్-సెకార్ అనే పేరున్న శాస్త్రవేత్త, 72 ఏళ్ల వయసులో, కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని సూదితో ఎక్కించుకున్నాడు. మెట్లు పరుగున ఎక్కుతున్నానని పండితుల సభలో చెప్పాడు. 1894లో పోయాడు. ఆ రసాన్ని ఈ కాలంలో మళ్లీ ఆయన పద్ధతిలోనే తయారుచేసి చూస్తే, అందులో పనిచేసేంత హార్మోనే లేదని తేలింది. మన దేశంలో మదన్ మోహన్ మాలవీయ అంతటివారు 1938లో, 76వ ఏట, ఒక బాబా చేత చీకటి కుటీరంలో కాయకల్ప చికిత్స చేయించుకున్నారు. మరుసటి ఏడే అనారోగ్యంతో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ఉపకులపతి పదవి నుంచి తప్పుకుంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. అంత చదువూ అంత నిగ్రహమూ ఉన్న మనుషులే ఈ ఆశకు లోబడ్డారని తెలిశాక నామీద నాకున్న కోపం కొంత చల్లారింది.

కానీ ఇవన్నీ నేను తరవాత చదివాను. ముందు చేసిన పని వేరు. రక్తం ఇస్తే "మీ ఒంటి అసలు వయసు" చెబుతామన్న ప్రకటన చూసి రక్తం ఇచ్చాను. నలభై ఏడని వచ్చింది. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చూసుకున్నానో! కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తమ్ముళ్లూ మరదళ్లూ దండం బొమ్మలు పంపారు.

ఆ తరవాత కొద్దిరోజులకే మా బావమరిది ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలు కింద, అరిటాకుల్లో. "మీకు బల్ల వేయిస్తాను బావగారూ" అన్నాడు బావమరిది, గౌరవంగా. "నాకెందుకయ్యా బల్ల? నలభై ఏడేళ్లవాణ్ణి" అని నలుగురూ వినేలా అని, పట్టుపంచె సర్దుకుని వరసలో కూర్చున్నాను. పక్కనే మా అత్తగారు, ఎనభై దాటిన మనిషి. పులిహోర అయింది, పప్పు అయింది, మజ్జిగ దాకా నా వయసు గురించే చెప్పాను. అందరూ లేస్తున్నారు. నేనూ లేవబోయాను. లేవలేదు. మోకాళ్లు మడతపడే ఉన్నాయి, తొడల్లో బలం రాలేదు. కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచెయ్యి నేల మీద ఆనించాను, అరిటాకు అంచు తగిలి జారాను, మజ్జిగ పంచె మీదికి పారింది, ముందుకు వంగాను, పంచె కాలికింద పడింది, కుర్రాళ్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి ఎత్తారు, ఎత్తగానే కళ్లు తిరిగాయి, గోడకు ఆనుకున్నాను. ఆసరికే దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడ్డ మా అత్తగారు "అల్లుడుగారూ, ఇలా నా చెయ్యి పట్టుకోండి" అంది. నర్సుగా పనిచేసే మేనకోడలు బీపీ చూసింది. పై అంకె నూట ఎనభై దాటింది. "మావయ్యా, మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగింది. "వేసుకుంటున్నానమ్మా" అన్నాను. మా ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ పుస్తకాల సంగతి ఆవిడకు ఎప్పుడో తెలుసని అప్పుడర్థమైంది.

ఆవిడ కోప్పడలేదు. "మీకేమైనా అయితే నేనేం కావాలి?" అంది కారులో, అంతే. నేను యవ్వనమని వెంటపడ్డదంతా నా ముఖం గురించే. పక్కనున్న మనిషికి కావలసింది నా ముఖం కాదు, నా ప్రాణం. ఇది అరవై ఏళ్లకు గానీ తట్టలేదు.

మర్నాడు డాక్టరు దగ్గరికి మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లాం. ఆయన ఒక్కొక్కటీ తీసి చూసి, వీటితో మనుషులు ఎక్కువకాలం బతికినట్టు ఇంతవరకూ రుజువు లేదన్నారు. మంచిదని నమ్మి మింగినదే కీడు చేసిన సందర్భాలూ ఉన్నాయని ఫిన్లాండ్ సంగతి చెప్పారు. అక్కడ 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద పరీక్ష చేశారు. కాన్సర్ రాకుండా కాపాడుతుందని బీటా కెరోటిన్ ఇచ్చిన వాళ్లలో ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. నా నలభై ఏడు కాగితం సంగతి కూడా అడిగాను. వయసుతో పాటు డీఎన్‌ఏ మీద రసాయనిక గుర్తులు మారతాయి, వాటిని బట్టి వయసు కట్టే పద్ధతిని స్టీవ్ హోర్వాత్ 2013లో చూపించాడు, వేలమందిని కలిపి చదవడానికి అది మంచి పనిముట్టు, కానీ ఒక్క మనిషికి ఒకే నెత్తురు మీద రెండు లెక్కలు ఏళ్ల తేడాతో రావచ్చు అన్నారు. అరిటాకు ముందు నా తొడలు చెప్పిన వయసే నమ్మదగ్గదని నేననుకున్నాను.

అది ఉత్త మాట కాదు. నేల మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవగలరా అని బ్రెజిల్ వైద్యులు 51 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లను 2,002 మందిని పరీక్షించి 2012లో ప్రచురించారు. ఎక్కువ ఆసరా కావలసినవాళ్లలో తరవాతి ఏళ్లలో మరణాలు ఎక్కువ. మా అత్తగారు జీవితమంతా కత్తిపీట ముందు కూర్చుని లేచిన మనిషి. ముప్పై దాటాక కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా పోతుంది. పోయినది మళ్లీ రాదా అంటే, వస్తుంది. బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉండే 86 నుంచి 96 ఏళ్ల వాళ్లు పదిమందితో ఎనిమిది వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో రాశారు. తొంభై ఏళ్లవాళ్లు! ఇది చదివినప్పుడు నాకు ఎలుకల వార్త చదివిన నాటికంటే ఎక్కువ ఆనందమేసింది. ఇక్కడ మారింది మనుషులు.

బీపీ సంగతీ అంతే. 2015లో అమెరికాలో 9,361 మంది మీద చేసిన పరీక్షలో, మధుమేహం లేని, గుండెజబ్బు ముప్పున్న వాళ్లకు పై అంకెను 140 కింద ఉంచడానికి బదులు 120 కిందకి తెచ్చేలా మందులిస్తే మరణాలు 27 శాతం తగ్గాయి. ఎంత దించాలన్నది ఎవరికి వాళ్లు డాక్టరుతో తేల్చుకోవలసిందే. కానీ యవ్వనం అమ్మే సీసాలు వేటికీ ఇంత గట్టి రుజువు లేదు. బట్టల కింద నేను దాచిన చీటీకి ఉంది. ఆ రోజు నుంచీ మాత్ర మానలేదు. ఆవకాయ కూడా తగ్గించాను, ఏడుపొచ్చినంత పనైంది. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మన భోజనంలో ఆ గీత ఎప్పుడు దాటుతామో మనకే తెలియదు.

ఒక్కటి మిగిలింది, చెప్పడానికి ఇప్పటికీ కాస్త బిడియం. నాకు చెవి సరిగా వినపడదు. టీవీ మోత పెంచేవాణ్ణి, నలుగురిలో అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. మిషను పెట్టుకోమంటే ససేమిరా అన్నాను. కళ్లజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడిలా ఉంటాడంటారు, చెవికి మిషను పెట్టుకుంటే ముసలాడంటారు. ఈ తేడా ఎవరు పెట్టారో గానీ మనమందరం నమ్మేశాం. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో మనం మార్చుకోగలిగినవి 14 అని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కతేల్చింది. అన్నిటినీ సరిదిద్దుకోగలిగితే దాదాపు 45 శాతం కేసుల్ని ఆపొచ్చు, లేదా వాయిదా వెయ్యొచ్చు. వినికిడి తగ్గినా పట్టించుకోకపోవడం ఆ జాబితాలో ఉంది, బీపీ కూడా ఉంది. నేను సిగ్గుపడి దాచుకున్నవి రెండూ అందులో ఉన్నాయి. ఇప్పుడు మిషను పెట్టుకుంటున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి గొంతు పెంచకుండా మాట్లాడుతోంది.

షష్టిపూర్తి చేశారు. శుభలేఖ మీద వయసు వేశారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నా వయసు నేనొక్కణ్ణే దాచుకున్నాను, మిగతా ఊరందరికీ తెలుసు.

మీరూ ఎక్కడో ఒక చీటీ దాచి ఉంటారు. బీపీదో, షుగరుదో, చెవి పరీక్షదో. ఇవాళ దాన్ని బయటికి తియ్యండి. చీటీయే లేకపోతే, ముప్పై దాటిన ఎవరికైనా ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. తెలంగాణలో బస్తీ దవాఖానాలోనూ చూస్తారు. ఒక్కరే వెళ్లకండి, ఇంట్లో ఇంకొకరిని తోడు తీసుకెళ్లి వాళ్లకూ చూపించండి.