ఘిబ్లీ యాత్రకు ఉద్దానం వారి చిట్కాలు

2025 మార్చి ఆఖర్లో చాట్‌జీపీటీ పుణ్యమా అని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఫోనున్న ప్రతి ఇంట్లోనూ పెళ్లి ఫొటోలు జపాన్ ఘిబ్లీ స్టూడియో కార్టూన్ సినిమాల్లోని బొమ్మలైపోయాయి. అక్కుపల్లి శివసాగర్ బీచ్‌లో లుంగీ ఎగ్గట్టి నిలబడ్డ పెదనాన్న కూడా బుగ్గలు ఎర్రబడి, తెల్ల మబ్బుల కింద జపాన్ రైతైపోయాడు. బొమ్మలు ఇంత ముద్దుగా వచ్చాయి కదా, అవి పుట్టిన చోటుకే ఓసారి వెళ్లొస్తే పోలా అన్న ఆశ అక్కడ మొదలైంది. కాశీకి, రామేశ్వరానికి, పూరీకి బస్సులు కట్టించి జనాన్ని తిప్పినవాణ్ణి కాబట్టి ఎలా వెళ్లాలో నన్నడుగుతున్నారు. జపాన్ నేను చూడలేదు. సలహా చెప్పడానికి అదేమీ అడ్డం కాదు.

ముందు టికెట్టు సంగతి. కొనకండి. టోక్యో పక్కన మితాకాలో 2001 అక్టోబరు 1న తెరిచిన ఘిబ్లీ మ్యూజియం గేటు దగ్గర టికెట్లమ్మరు. ప్రతి నెలా 10వ తేదీన, అక్కడి టైము ఉదయం 10 గంటలకి, పై నెల టికెట్లు ఆన్‌లైన్‌లో పెడతారు. మన గడియారంలో అది ఆరున్నర. పెద్దవాళ్లకి వెయ్యి యెన్లు, అంటే సుమారు ఆరు వందల రూపాయలు. తేదీ, లోపలికెళ్లే వేళ ముందే ఖాయం చేసుకోవాలి. ఒకరి పేరున కొన్నది ఇంకొకరికి అమ్మడానికి లేదు, పాస్‌పోర్టు అడిగినా అడుగుతారు. ఇంత బాధ దేనికి? ఆ వేళకి జీడితోటకెళ్లి పిక్కలేరుకోండి, బస్తాలోకి నాలుగు కిలోలైనా చేరతాయి. తిరుమలకి మనం టికెట్టుతో వెళ్తామా, లెటరుతో వెళ్తామా? అలాగే ఓ సిఫారసు లెటరు రాయించుకుని నేరుగా వెళ్లిపోండి. మ్యూజియం దారిలో ఓ కౌంటరు కనిపిస్తుంది. అద్దం వెనక పెద్ద పొట్టతో, గుండ్రటి కళ్లతో కూర్చుని ఉండేది ఘిబ్లీ సినిమాల టొటోరో. లెటరు ఆయనకే ఇవ్వండి. కాదని ఎవరినీ తిప్పి పంపిన దాఖలా లేదు.

ఏ రోజు వెళ్లాలంటారా? మంగళవారం. రద్దీ అస్సలుండదు. మామూలుగా మ్యూజియానికి, ఘిబ్లీ పార్కుకి రెండింటికీ ఆ రోజు సెలవు.

ఇంకో సంగతి. ఘిబ్లీ మ్యూజియం, ఘిబ్లీ పార్కు అని రెండు పేర్లు వినిపిస్తే కంగారు పడకండి. రెండూ ఒకే కాంపౌండులో ఉంటాయనుకుని పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి పెట్టుకోండి. పార్కు ఉన్నది ఐచి రాష్ట్రంలోని నాగకుతెలో, నాగోయా నగరం పక్కన. టోక్యో నుంచి నాగోయా అంటే దాదాపు పలాస నుంచి రాజమండ్రి అంత దూరం. షింకాన్‌సెన్‌లో గంటా నలభై నిమిషాలు, అక్కడ సబ్‌వే మారి ఫుజిగఒకా, అక్కణ్ణుంచి పట్టాలకి తగలకుండా అయస్కాంతం మీద తేలుతూ పోయే లినిమో రైలు. పలాసలో రైలు మారడం వచ్చినవాడికి ఇదో లెక్కా?

పార్కులోకి అడుగు పెట్టగానే జెయింట్ వీల్ ఎక్కడని గట్టిగా అడగండి. డబ్బులు తీసుకుని కడుపులో తిప్పకపోతే అదేం థీమ్ పార్కు? 2022 నవంబరు 1న మూడు భాగాలతో తెరిచారు. 2023 నవంబరులో మోనొనోకె పల్లె, 2024 మార్చిలో మంత్రగత్తెల లోయ కలిశాయి. లోయలో సినిమాలోని హౌల్ గారి నడిచే కోట నిలబడి ఉంటుంది, నడవదు. రంగులరాట్నం లాంటివి ఒకటి రెండున్నాయి, అంతే. గుండె జారే రైడ్లేవీ లేవు. అదంతా 2005లో ప్రపంచ ప్రదర్శన జరిగిన పెద్ద పార్కు. ఘిబ్లీ సినిమాల దర్శకుడు మియజాకి కొడుకు గోరో దగ్గరుండి, ఉన్న చెట్ల మధ్య ఖాళీ జాగాల్లో వీటిని కట్టించాడు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడవాలి. నడక మనకి కొత్త కాదు కాబట్టి దాన్ని వినోదం కింద లెక్కెయ్యకండి.

ఆ చెట్ల మధ్య ఒక పాత ఇల్లుంది. 1988లో వచ్చిన టొటోరో సినిమాలో సత్సుకీ, మే అనే అక్కాచెల్లెళ్లు తండ్రితో దిగిన ఇల్లు. ప్రపంచ ప్రదర్శన కోసమే కట్టి, తర్వాత అలాగే ఉంచేశారు. తండ్రి చదువుకునే గదిలో పుస్తకాలు, వంటింట్లో గిన్నెలు, బయట చేతిపంపు. సొరుగులు లాగి చూసుకోవచ్చు, లోపల మడతపెట్టిన బట్టలుంటాయి. అమ్మ ఆసుపత్రిలో ఉంటే పిల్లలు ఎలా బతుకుతారో ఆ సినిమా కథ. కిడ్నీ జబ్బుతో అమ్మో నాన్నో డయాలిసిస్ మంచం మీదుంటే ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు మన ఉద్దానంలో ఊరికి ఎంతమందో! వాళ్లకి ఆ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ ఇంటి దగ్గర అస్సలు ఆగకండి. గుమ్మంలోంచే "ఇలాంటి పెంకుటిళ్లు మాకు బోలెడు" అనెయ్యండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి ఆ బోలెడులో ఎన్ని మిగిల్చిందో అప్పుడు గుర్తు తెచ్చుకోవద్దు. సొరుగు మాత్రం పొరపాటున కూడా తెరవకండి. తెరిస్తే మీ నాయనమ్మ ట్రంకు పెట్టె గుర్తొస్తుంది, గుంపు ముందుకెళ్లిపోతుంది, మీరు వెనకబడిపోతారు.

టొటోరో అంటే అడవిలో పెద్ద చెట్టు తొర్రలో పడుకునే బొచ్చు జీవి, చిన్నపిల్ల వెళ్లి దాని పొట్ట మీద నిద్రపోతుంది. ఈ సినిమా చూసిన మన గుంటలు జీడితోటలో నల్లగా, బొచ్చుగా ఏది కనిపించినా అదే అనుకోవచ్చు. ఇక్కడొక్కచోట నా హోదా పక్కన పెట్టి చెబుతున్నాను: అది ఎలుగుబంటి, పారిపోండి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో మనిషి ప్రాణం పోయింది. మిగతా సలహాలన్నీ యథాతథం.

మితాకా మ్యూజియం లోపల ఫొటోలు తియ్యనివ్వరు. కెమెరాలోంచి కాకుండా సొంత కళ్లతో చూడాలట, వచ్చినవాళ్లే ఆ కథలో ముఖ్యపాత్రలట. నమ్మకండి. ఫొటో లేని యాత్ర పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది? ప్రతి గదిలోనూ వీడియో కాల్ పెట్టి ఊరందరికీ చూపించండి. టొటోరో బొమ్మల వరస గిర్రున తిరుగుతుంటే లైటు టకటకా మెరిసి, అవన్నీ ప్రాణం వచ్చి గెంతుతున్నట్టు కనిపించే యంత్రం ఒకటుంది. సినిమా అనేది అసలెలా కదులుతుందో ఆ ఒక్క యంత్రం దగ్గర కాసేపు నిలబడితే పదేళ్ల పిల్లకైనా తెలిసిపోతుంది. ఆ కాసేపు మీరు సిగ్నల్ వెతుక్కోండి. మేడ మీద లాపుటా సినిమాలోని రోబో సైనికుడు ఐదు మీటర్ల ఎత్తున నిలబడి ఉంటాడు. అక్కడ ఫొటో తీసుకోవచ్చన్నారు కాబట్టి ఆసక్తి ఉండదు, వదిలెయ్యండి.

లోపల ఇటు వెళ్లండి, అటు వెళ్లండి అని దారి చూపించరు. కలిసి తప్పిపోదాం రండి అన్నట్టుగా కట్టిన ఇల్లది. సన్నటి మెట్లు, పిల్లలు మాత్రమే దూరే గుమ్మాలు. మన పద్ధతి వేరు. అందరికీ ఒకే రంగు టోపీలు పెట్టించి, జెండా ముందు నడిపించి, గది గదికీ తలలు లెక్కపెట్టండి. టొటోరో సినిమాలోని పిల్లి బస్సులో చిన్నపిల్లల్నే ఎక్కనిస్తారు. పెద్దవాళ్లు గొడవ చేస్తే ఎక్కనిస్తారేమో చూడండి. ఆ మ్యూజియంలో, పార్కులో తప్ప మామూలుగా ఇంకెక్కడా చూపించని పొట్టి సినిమా ఒకటి లోపలి హాల్లో వేస్తారు. ఏసీ ఉంటుంది, కునుకు తియ్యండి.

"డోరేమాన్ ఏడీ?" అని కూడా నిలదీయండి. డోరేమాన్ బొమ్మ గీసిన ఫుజికో ఎఫ్ ఫుజియో మ్యూజియం కవాసాకిలో వేరే ఉందని, 2011లో తెరిచారని వాళ్లు చెప్పబోతే వినకండి. రాముడి విగ్రహం ఎక్కడని అడగండి. యూగో సాకో, మన రామ్ మోహన్ కలిసి 1992లో తీసిన రామాయణం బొమ్మల సినిమా 2025 జనవరి 24న తెలుగులోనూ థియేటర్లకొచ్చింది, దాంతో ఘిబ్లీకి సంబంధం లేదు. లేకపోతే ఏం, జపాన్‌దే కదా.

తిండికి మాత్రం లోటు రానివ్వకండి. ఉద్దానం పనసపండు ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి. పళ్లు తేవాలంటే మన ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని, లేకపోతే విమానాశ్రయంలోనే లాగేసుకుంటారని జపాన్ చట్టం. వాసన పట్టే బీగిల్ కుక్కల్ని కూడా పెట్టారు. మన పనసపండు కోసం కుక్క అవసరమా, విమానం దిగకముందే తెలిసిపోదూ!

తిరిగొచ్చాక ఎవరడిగినా ఒకటే మాట చెప్పండి: "ఏటీ నేదు బావూ అక్కడ. పాత ఇల్లు, తుప్పు రోబో, నాలుగు చెట్లు." విన్నవాళ్లు మానుకుంటారు. 10వ తేదీ పొద్దున్న ఆ టికెట్ల కోసం ఫోను పట్టుకునేవాళ్లు ఎంత తగ్గితే నాకు అంత మంచిది.