చెల్లని కాసుల శ్రీమంతుడు

2016లో యూపీఐ వచ్చాక మన డబ్బుకి ఒళ్లు పోయి గొంతు మిగిలింది. కొబ్బరిబొండాల బండి మీది స్పీకరు డబ్బా నేనిచ్చిన సొమ్మెంతో వీధంతా చాటుతుంది. నా చేతికి మాత్రం ఏమీ తగలదు. అందుకే ఒక డబ్బాలో టోకెన్లు పోగేస్తున్నాను. చెల్లే డబ్బు ఎలాగూ నిలవదు, చెల్లనిదైనా నిలుస్తుందని. పాతసామాన్లవాడి కేక వినపడగానే మా ఆవిడ ఆ డబ్బా వైపూ, నా వైపూ చూస్తుంది. ఏది ముందు వేసేద్దామనో!

నా ఆస్తిలో పెద్దది బ్యాంకు టోకెను. గుండ్రటి ఇత్తడి బిళ్ల, మధ్యలో నంబరు. కంప్యూటర్లు రాకముందు కౌంటర్లో చెక్కు ఇస్తే ఇది చేతిలో పెట్టేవారు. చెక్కు లెడ్జరు గుమాస్తానీ, ఆఫీసరునీ పలకరించి క్యాషియరు దగ్గరికి చేరేదాకా బల్ల మీద కూర్చుని బిళ్లని అరచేతిలో వేడెక్కించాలి. నంబరు పిలవగానే గుండె ఝల్లుమనేది. మన డబ్బు మనకిస్తున్నా లాటరీ తగిలినట్టుండేది. ఇప్పుడు ఫోనులో బ్యాలెన్సు చూసుకున్నా ఝల్లుమంటుంది గానీ, అది వేరే ఝల్లు.

హైదరాబాద్ మెట్రో 2017లో మొదలైనప్పటి ప్లాస్టిక్ టోకెను నాబోటివాణ్ణి ఏడిపించడానికే పుట్టింది. లోపలికెళ్లేటప్పుడు చూపిస్తే చాలు. బయటికొచ్చేటప్పుడు గేటు మింగేసేది. దాచుకోవాలంటే స్టేషన్లోనే కాపురం పెట్టాలి. ఇప్పుడైతే టికెట్టు వాట్సాప్‌లోనే వస్తోంది. స్క్రీన్‌షాట్లు దాచుకోవచ్చుగా అన్న మా అబ్బాయితో ఆ పూటంతా మాట్లాడలేదు.

ఇక రామటంకా. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818. రెండోవైపు సీతారామ పట్టాభిషేకం. కోట్లు పలుకుతుందనీ, బియ్యాన్ని లాగుతుందనీ చెప్పి అమ్మజూపుతారు. పూజకోసం దేవుళ్ల బొమ్మలతో బిళ్లలు చేయించుకోవడం మన పాత అలవాటే. కంపెనీవారు మాత్రం ఇలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. ఆ సంగతి తెలిసే బేరమాడి కొన్నాను. తెల్లదొర రాముడికి పట్టం కట్టిన అబద్ధానికి వంద రూపాయలు ఇవ్వొచ్చు. రెండొందల ఏళ్ల నాణెమని ఒట్టేసినవాడు డబ్బుకి స్కానర్ చూపించాడు! ఇంటికొచ్చి బియ్యం డబ్బా దగ్గర పెట్టి చూశాను. గింజ కదల్లేదు, మా ఆవిడ కదిలొచ్చింది.

గుడి ముందు చెప్పుల స్టాండు టోకెనే ఇంకా దొరకాలి. అది మనకి మిగలాలంటే చెప్పులు వాళ్లకి మిగలాలి. అందుకని అరిగి తెగబోయే జత వేసుకుని ఈమధ్య గుళ్లు తిరుగుతున్నాను. అల్లుడికి భక్తి కుదిరిందని మా అత్తగారు సంబరపడిపోతున్నారు.