నంద్యాలలో జూనిపర్ పెంపకం: వెంచర్ యజమానులకు సూచనలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే 40వ నంబరు జాతీయ రహదారి పక్కన మీరొక వెంచర్ వేశారనుకుందాం. కమాను లేచింది, సిమెంటు రోడ్డు పడింది, ప్లాట్లకు రాళ్లు పాతారు. బ్రోచర్ తయారుచేసిన కుర్రాడు మాత్రం కమాను వెనకాల, మంచు కొండల కింద ఉండాల్సిన పచ్చటి పొదలు నాలుగు అతికించాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇప్పుడు అవెక్కడని అడుగుతున్నారు. వాటి పేరు జూనిపర్. కంగారు పడకండి, నాటడం చాలా సులువు. తర్వాతి సంగతి తర్వాత.

ముందు మొక్క కొనాలి. అమ్మేవాడు 'మొండి మొక్క సార్, దేనికీ చావదు' అంటాడు. అది అబద్ధం కాదు. మొక్కల మొండితనానికి అమెరికా వ్యవసాయ శాఖ ఒక పటం గీసిపెట్టింది. అందులో చూసేది ఒక్కటే, ఏడాది మొత్తంలో చలి ఎంతకు దిగుతుందని. నేల మీద పాకే జూనిపర్ మైనస్ 40 డిగ్రీలను కూడా ఓర్చుకుంటుందని దాని లెక్క. మన లాహౌల్, లడఖ్ లోయల్లో ఉండేవీ ఆ వంశమే, అక్కడి బౌద్ధ మఠాల్లో దాని ఆకుతో ధూపం వేస్తారు. ప్లస్ 45లో అది ఏమవుతుందో పటం గీసినవాళ్లు రాయలేదు. వాళ్లకా అవసరం రాలేదు. మీకొచ్చింది గనక ఆ పరిశోధన మీ ఖర్చుతో జరుగుతుంది.

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలని కుండీ మీది చీటీలో ఉంటుంది. దిగులు లేదు. మే నెలలో మన దగ్గర ఆ కోటా మధ్యాహ్నం భోజనాలకు ముందే అయిపోతుంది, మిగతాది కొసరు. శీతాకాలంలో దానికి గాఢనిద్ర పట్టాలని కూడా రాసుంటుంది. జనవరిలో ఒక దుప్పటితో గడిచిపోయే నంద్యాల చలికి దానికి కునుకైనా పట్టదు. ఏసీ గదిలో పెడదామా అని ఎవరైనా అడిగితే, కరెంటు బిల్లు గజం రేటులో కలపండి.

ఇక నేల. జూనిపర్‌కు నీళ్లు నిలవని ఇసుక నేలో, రాతి నేలో కావాలి. మీ దగ్గరున్నది కుందూ పరివాహకపు నల్లరేగడి. వానొస్తే ఉబ్బి చెప్పులు ఊడబెరుకుతుంది, ఎండొస్తే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఇందులో గుంత తీసి, ఇసుక నింపి, మొక్క పెట్టండి. చుట్టూ రేగడి, మధ్యలో ఇసుక, అంటే వానాకాలానికి చక్కటి తొట్టి తయారైనట్టే. నీళ్లు దిగడానికి దారుండదు, వేరుకుళ్లు రావడానికి ఉంటుంది. వేసవిలో వేరు వంతు అయ్యాక ఆకు వంతు, లారీల దుమ్ములో ఎర్రనల్లి చేరి పొదనంతా సన్నటి బూజు అల్లుతుంది. 'ఇది సరుగుడే కదా సార్, ఇంత దానికి ఇంత రేటా? యాప మొక్క పెడితే పోలా?' అంటాడు మాలి. అతని మాట పట్టించుకోకండి, బ్రోచర్ అతను వేయించలేదు.

ఇక్కడే జూనిపర్ గొప్పతనం బయటపడేది. వేరు చచ్చినా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. మాలి పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని నీళ్లు పోస్తూనే ఉంటాడు, మీరు ఫొటోలు తీయిస్తూనే ఉంటారు. ప్రాణం ఉందో పోయిందో తెలుసుకోవాలంటే కొమ్మ మీది బెరడును గోటితో గీరాలి. లోపల తడిగా పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, ఎండి గోధుమరంగులో ఉంటే లేనట్టు. ఈ పరీక్ష ఎవరినీ చేయనివ్వకండి, ముఖ్యంగా అడ్వాన్సు ఇవ్వబోయేవాళ్లను.

సలహా కోసం నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లడం మంచిది కాదు. 1906 నుంచి అక్కడున్నవాళ్లకు ఈ నేలకు ఏం పనికొస్తుందో తెలుసు, అదే ఇబ్బంది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 శనగ వాళ్లదే. జూనిపర్ అడిగితే శనగ వేసుకోమంటారు. శనగ చేను పక్కన కమాను బాగుండదు.

కొనేవాళ్లను తూర్పు వైపు తిప్పి నిలబెట్టడం కూడా పొరపాటు. అటు నల్లమల ఉంది. అక్కడి టేకు, మద్ది, ఏపె ఎండాకాలం రాగానే సిగ్గు లేకుండా ఆకులు రాల్చేసి మోడులై నిలబడతాయి, వాన పడగానే మళ్లీ చిగురిస్తాయి. ఏడాది పొడవునా పచ్చగా కనిపించాలన్న తపన వాటికి లేదు. ఈ ఎండలో నీళ్లు ఆదా చేసుకునే పద్ధతి అదేనని వాటికి ఎప్పుడో తెలుసు. వేప కూడా ఉగాదికి ముందు ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతుంది. అలాంటి చెట్లు బ్రోచర్‌కు పనికిరావు, రోజూ ఊడ్చాలి కూడా.

ఇంత చేసినా మొక్క నిలవకపోతే ఆళ్లగడ్డ దగ్గరే ఉంది. రాతితో దేవుళ్లనూ నాయకులనూ చెక్కే శిల్పులున్న ఊరది. నాలుగు జూనిపర్లు వాళ్లకొక లెక్క కాదు. ఉలి దెబ్బలే కత్తిరింపు, ఏటా ఒక కోటు ఆకుపచ్చ రంగే ఎరువు. మైనస్ 40కీ, ప్లస్ 45కీ ఉలకదు. రేగడి ఉబ్బితే పక్కకు ఒరుగుతుంది గనక పునాది మాత్రం లోతుగా వేయించండి. వెళ్లేటప్పుడు బ్రోచర్ మరిచిపోవద్దు, కొలతలు కావాలంటారు.

నీడంటారా? పాకే జూనిపర్ కిందా కూర్చోలేం, రాతి దాని కిందా కూర్చోలేం. నీడే కావాలంటే తొలకరి పడ్డాక గుంత తీసి కానుగ మొక్క పెట్టండి, ఏడాది రెండేళ్లు నీళ్లు పోయండి. దాని ఫొటో బ్రోచర్‌లో వేయించనక్కర్లేదు.