పదిహేను వందలు

చీరాల జాండ్రపేటలో మాకు బాగా తెలిసిన మాస్టర్ వీవర్ ఒకాయన ఉన్నాడు. వీధిలో అందరం బాబాయ్ అంటాం. ఆయన చేతికింద పాతిక మగ్గాలు నడిచేవి. నూలూ, పట్టూ, జరీ తనే తెచ్చిచ్చి కుప్పడం చీరలు నేయించి హైదరాబాదు, చెన్నై షాపులకు పంపేవాడు. షాపులవాళ్ల డబ్బు మూడు నెలలకో ఆరు నెలలకో వస్తుంది. నేతగాడికి మాత్రం వారం తిరక్కుండా మజూరీ పడాలి. ఆ ఎడం పూడ్చడానికి బ్యాంకులో ఆరు లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా ఉండేది.

ఆయనకో అలవాటు. పెళ్లిళ్ల సీజన్లో అమ్మిన ప్రతి చీర మీదా యాభై రూపాయలు తీసి ఇనప్పెట్టెలో వేరే సంచిలో వేసేవాడు. అక్టోబరు, నవంబరు వానలకు గుంటమగ్గాల్లో నీళ్లూరతాయి. కాళ్లు పెట్టే గుంటలో మోకాలి దాకా నీళ్లుంటే నేసేదెట్లా? పడుగు చెమ్మెక్కి పోగులు తెగుతాయి. ఆ రోజుల్లో నేతగాళ్ల ఇళ్లకు బియ్యం ఆ సంచిలోంచే వెళ్లేవి.

2019లో ఒకసారి ఆయనకు తోడుగా బ్యాంకుకు వెళ్లాను. ఈ సంచి సంగతి విని కుర్ర మేనేజరు ముచ్చటపడ్డాడు. ‘మేమూ అదే చేస్తాం బాబాయ్ గారూ’ అంటూ కాగితం మీద లెక్క వేసి చూపించాడు. చిన్న పరిశ్రమకు ఇచ్చిన అప్పు చక్కగా నడుస్తున్నా సరే, నూటికి పావలా చొప్పున పక్కన పెట్టాలి. ఆరు లక్షలకు పదిహేను వందలు. తొంభై రోజులు దాటినా బాకీ కట్టకపోతే నూటికి పదిహేను, అంటే తొంభై వేలు. మరో ఏడాది గడిచి, హామీగా చూపించిన సరుకు కూడా గోడౌన్లో లేకపోతే మొత్తం ఆరు లక్షలూ లాభంలోంచి తీసి పెట్టాల్సిందే. దాన్నే ప్రొవిజన్, అంటే కేటాయింపు, అంటారు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. కాలం బాగున్నప్పుడు ఏ బాకీ చూసినా వచ్చేదిగానే కనిపిస్తుంది, కాబట్టి పక్కన పెట్టేది తక్కువ. కాలం చెడ్డప్పుడు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అప్పుడు బ్యాంకు వచ్చిన లాభమంతా కేటాయింపులకే పెట్టి కొత్త అప్పులకు చెయ్యి బిగిస్తుంది. సరిగ్గా మనిషికి అప్పు కావలసింది ఆ రోజుల్లోనే. దీనికి ఎదురు నడిచినవాళ్లలో ఇద్దరు మన తెలుగువాళ్లే. రిజర్వు బ్యాంకు గవర్నరుగా వై.వి. రెడ్డి మంచికాలంలోనే, 2005 నవంబరులో, నడుస్తున్న అప్పుల మీద కేటాయింపును 0.25 శాతం నుంచి 0.40కి పెంచారు. రియల్ ఎస్టేటు వంటి అప్పుల మీద 2007 నాటికి 2 శాతం చేశారు. వ్యవసాయాన్నీ చిన్న పరిశ్రమలనీ మాత్రం పావలా దగ్గరే ఉంచారు. 2008లో ప్రపంచం తలకిందులైనప్పుడు, ఆయన తర్వాత గవర్నరైన దువ్వూరి సుబ్బారావు ఆ పెంచిన రేట్లను దించి బ్యాంకులకు ఊపిరాడనిచ్చారు. మళ్లీ 2009 డిసెంబరులో, మొండి బాకీల్లో 70 శాతానికి సరిపడా సొమ్ము వెనకేసుకోమన్నారు. ఆ చూపు మెచ్చుకోదగ్గది. అయితే దాని నీడ బ్యాంకు గుమ్మం దాకానే పడింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్లు ఆగాయి. షాపులవాళ్లు సరుకు వెనక్కి పంపారు. వాయిదాలకు ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చారు. నేతగాళ్ల ఆకలికి మారటోరియం ఉండదు కదా! ఇనప్పెట్టెలోని సంచి రెండు నెలల్లో ఖాళీ అయింది. బాబాయ్ చీరలు అయినకాడికి అమ్మి, పిన్ని గాజులు తాకట్టు పెట్టి మజూరీలు ఇచ్చాడు. 2021లో రెండో వేవ్ వచ్చేసరికి పాతిక మగ్గాల్లో ఆరు మిగిలాయి. ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అయింది. ఆ మేనేజరు గీసి చూపించిన మెట్లన్నీ వరసగా దిగింది. 2023 మార్చిలో బ్యాంకు మొత్తం కేటాయించి, బాకీని పుస్తకాల్లోంచి కొట్టేసింది.

కొట్టేయడమంటే మాఫీ కాదు. నోటీసులు వస్తూనే ఉన్నాయి. ఒకరోజు బ్యాంకు మనుషులు ఇంటికొచ్చి, సెటిల్‌మెంటుకు వస్తే సగానికి తెంచేస్తామన్నారు. బాబాయ్ ఒప్పుకోలేదు. ‘తీసుకున్నది ఆరు, కట్టేది ఆరు. వడ్డీ కూడా ఎంతో చెప్పండి’ అన్నాడు. వేటపాలెం రోడ్డులో కూతురి కోసం కొన్న స్థలం అమ్మి 2024 మార్చిలో పైసాతో సహా కట్టాడు.

ఆ దసరాకి ఆర్డర్లు వచ్చాయి. మళ్లీ ఆరు లక్షలు అడుగుదామని ఇద్దరం వెళ్లాం. కొత్త మేనేజరు మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. బల్లమీద షీల్డు చూపించి, ‘వసూళ్లలో మా బ్రాంచికి వచ్చింది బాబాయ్ గారూ. అందులో పెద్ద ఖాతా మీదే. కొట్టేసిన బాకీ కదా, మీరు కట్టిందంతా నేరుగా లాభంలోకే వచ్చింది’ అన్నాడు.

తర్వాత కంప్యూటరు మా వైపు తిప్పాడు. బాబాయ్ పేరు పక్కన ‘రైటాఫ్’ అని ఉంది. పూర్తిగా కట్టినట్టు కిందే రాసున్నా ఆ మాట పోలేదు. ‘ఇది ఉండగా పైవాళ్లు శాంక్షన్ చేయరు’ అన్నాడు.

బాబాయ్ నెమ్మదిగా అడిగాడు. ‘నాకు మళ్లీ ఆరు లక్షలిస్తే, ఇవ్వాళ మీరు పక్కన పెట్టాల్సింది ఎంత సార్?’

‘పదిహేను వందలు.’

‘మీ లాభంలో నావి ఆరు లక్షలు ఉన్నాయన్నారు. అందులోంచి తీసి పెట్టండి.’

మేనేజరు తల దించుకున్నాడు.

సాయంత్రం ఈపూరుపాలెం వైపు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాం. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. బాబాయ్ కాస్త తగ్గించమంటే ఆయన విసుక్కున్నాడు. ‘నేనేమన్నా నోట్లు అచ్చేస్తున్నానా? ఇంట్లో బంగారం పెట్టి, పొలం పాస్‌బుక్కు చూపించి నిన్ననే తెచ్చా’ అంటూ రసీదు తీసి మా ముందు పడేశాడు.

అదే బ్యాంకు, అదే బ్రాంచి. వ్యవసాయ బంగారు రుణం, ఆరు లక్షలు. వ్యవసాయ అప్పు మీదా కేటాయింపు నూటికి పావలాయే. బాబాయ్ చేతికి మూడు రూపాయల వడ్డీకి వచ్చిన ఆ ఆరు లక్షల మీద బ్యాంకు పక్కన పెట్టింది పదిహేను వందలు.