లోయకు గజం రేటెంత?

శాన్‌డియేగోలో ఎదురింటికి వెళ్లాలంటే ఒక్కోసారి కారు తీయాల్సి వస్తుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే అవతలివాళ్ల పెరట్లో కుక్క ఏ రంగుదో చెప్పొచ్చు. వాళ్ల గుమ్మం తొక్కాలంటే మాత్రం మైళ్లు తిరగాలి. మధ్యలో లోయ ఉంటుంది మరి. సముద్రం ఒడ్డున ఇసుకరాయి, గులకరాళ్లు పేరుకున్న మెట్టల మీద లేచిన ఊరిది. వానలకు పారే వాగులు ఆ మెట్టలను యుగాల తరబడి కోసుకుంటూ పోయాయి. ఇళ్లు కట్టేవాళ్లు చదునుగా ఉన్నదంతా కట్టేసుకుని ఏటవాలు దగ్గర ఆగిపోయారు. అందుకే తిన్నగా పోతున్న వీధి ఉన్నట్టుండి ఓ కంచె ముందు ఆగిపోయి, అవతలి గట్టున అదే పేరుతో మళ్లీ మొదలవుతుంది. మురుగు పైపులు వేసినవాళ్లు మాత్రం ఆ ఏటవాలుకు జంకలేదు. పక్షుల పాట వింటూ నడుస్తుంటే కాలిబాట మధ్యలో మ్యాన్‌హోల్ మూత పలకరిస్తుంది.

ఈ లోయల్లో ఇప్పుడు తెలుగు కూడా వినిపిస్తోంది. చిప్పుల కంపెనీల్లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ పనిచేసే పిల్లలు ఆఫీసుకు వెళ్లాక, చూడవచ్చిన తల్లిదండ్రులకు మిగిలేవి రెండే: టీవీ సీరియల్, ఇంటి వెనక లోయ. మలుపులు లోయలోనే ఎక్కువ.

అలా వచ్చినవాళ్లలో పాలమూరు జిల్లా పెద్దాయన ఒకరు. రిజిస్ట్రేషన్ల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మనిషి రిటైరయ్యారు గానీ కళ్లు ఇంకా సర్వీసులోనే ఉన్నాయి. పచ్చగా ఏది కనిపించినా ప్లాట్ల కింద విడిపోయి కనబడుతుంది.

"ఇంత జాగ ఖాళీగ ఎందుకు ఇడిసిపెట్టిండ్రు రా? గజం ఎంతుంటది?"

"అది పార్కు నాయినా. అమ్మరు."

"అమ్మరంటే? కాయితం ఉన్నదా?"

ఉంది. నగరం నడిబొడ్డున ఉన్న బాల్బోవా పార్కు కోసం 1868లోనే 1,400 ఎకరాలు పక్కన పెట్టారు. 1870 జనగణనలో ఊరి జనాభా 2,300. అంటే మనిషికి అర ఎకరం పైచిలుకు పార్కు. పేరుకే పార్కు, ఉన్నదంతా తుప్పలూ పొదలూ. 1892లో కేట్ సెషన్స్ అనే నర్సరీ ఆవిడ నగరంతో ఓ ఒప్పందం చేసుకుంది: పార్కులో 30 ఎకరాల పైచిలుకు నేల తనకు నర్సరీకి ఇస్తే, బదులుగా ఏటా 100 చెట్లు పార్కులో నాటుతుంది, ఊళ్లో నాటడానికి మరో 300 ఇస్తుంది. పెద్దాయన ఇది విని కాసేపు మాట్లాడలేదు. చెట్లనే అద్దెగా రాసుకున్న దస్తావేజు ఆయన సర్వీసులో ఒక్కటీ తగల్లేదు.

పార్కు ఇప్పుడు 1,200 ఎకరాలేనని కొడుకు నోరు జారాడు.

"మిగిలిన రెండొందలు?"

ఓ హైస్కూలు, నేవీ ఆసుపత్రి, ఫ్రీవేలు తలా కాస్త తిన్నాయి. ఆ మాట వినగానే పెద్దాయన ముఖం విప్పారింది. అమెరికాలో దిగాక మొదటిసారి సొంతూళ్లో ఉన్నట్టనిపించింది.

పార్కుకు పడమటి పక్కన స్ప్రూస్ వీధి చివర 1912 నాటి వేలాడే వంతెన ఉంది. పొడవు 375 అడుగులు, నడిచేవాళ్లకు మాత్రమే. లోయ అవతలి జనం ట్రామ్ అందుకోవడానికి కట్టిందట. ఇప్పుడు ఆ ట్రామ్ లేదు, ఊగడం మాత్రం ఉంది. పెద్దాయన భార్య సగం దాకా వచ్చి, తాడు పట్టుకుని, కురుమూర్తి స్వామిని తలుచుకున్నారు. "కిందికి చూడకు నానమ్మా" అని ధైర్యం చెప్పిన మనవరాలే పక్కన గంతులేస్తోంది.

వాళ్లింటికి దగ్గర్లో ఉన్నది లాస్ పెన్యాస్కిటోస్ లోయ. సుమారు 4,000 ఎకరాలు, మధ్యలో బండల మీంచి దూకే చిన్న జలపాతం. ఎండాకాలంలో అది దూకడం మానేసి జారుతుంది. జలపాతం కంటే పెద్దాయనకు నచ్చిన సంగతి వేరే: ఈ జిల్లాలో మెక్సికో ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి భూమి పట్టా, 1823లో, ఈ నేలకే. ముప్పై ఏళ్ల ఈసీ కోసం జనాన్ని కాళ్లరిగేలా తిప్పిన శాఖ మనిషికి రెండొందల ఏళ్ల లింకు డాక్యుమెంటంటే మాటలా! దారి మొదట్లో ర్యాటిల్‌స్నేక్‌లున్నాయని హెచ్చరించే బోర్డును కూడా ఆయన మెచ్చుకున్నారు. తోకతో ముందస్తు నోటీసు ఇచ్చే పాము మన దగ్గర లేదు.

అసలు గొడవ ఓ శనివారం పొద్దున మొదలైంది. ఊళ్లో ఇంకో చిన్న లోయలోకి దిగితే అన్నీ తెలిసిన మొహాలే: జామాయిల్ చెట్లు, నాగజెముడు, వాగు పక్కన ఏపుగా పెరిగిన ఆముదం. ఆ ఆముదాన్ని పదిమంది వాలంటీర్లు గ్లవ్స్ తొడుక్కుని పీకేస్తున్నారు.

"అరే, పంట పీకుతుండ్రేంది!"

కొడుకు అడిగి చెప్పాడు. ఆముదం ఇక్కడికి బయటి నుంచి వచ్చింది, వాగుల వెంట అల్లుకుపోయి స్థానిక పొదల్ని ఎదగనివ్వదు, గింజలో రైసిన్ అనే విషం. పాలమూరు చెల్కల్లో నీళ్లు లేకున్నా బతుకుతుందని రైతు నమ్ముకునే మొక్కకు ఇక్కడ పడ్డ శిక్షకు కారణం కూడా అదే, ఎక్కడపడితే అక్కడ బతకడం. పెద్దాయన ఒప్పుకోలేదు గానీ, వాళ్లు పీకే పద్ధతి చూసి ఊరుకోలేకపోయారు. సగం వేరు మట్టిలోనే వదిలేస్తున్నారు.

పని చేయాలంటే ముందు ఓ ఫారం మీద సంతకం పెట్టాలి, దెబ్బ తగిలితే మాది పూచీ కాదనే ఫారం. అందరూ చదవకుండా గీకేసి కొడవళ్లు అందుకున్నారు. ఆయన కళ్లజోడు తీసి మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టారు. రెండు పేజీలూ అయ్యాక, సాక్షుల సంతకాలు ఎక్కడున్నాయని కొడుకుతో అడిగించారు. ఫారాలు పంచుతున్న కాలేజీ పిల్లకు విషయం అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఇద్దరు వాలంటీర్లు నవ్వుతూ కింద సంతకాలు పెట్టారు.

ఈలోపు ఆయన భార్య నాలుగు చెట్లు తల్లివేరుతో సహా లాగేశారు. ఆకుల్ని మాత్రం చెత్త సంచిలో వేయనివ్వలేదు. వెచ్చజేసి మోకాళ్లకు కట్టుకుంటారట.