పచ్చని చతురస్రం

సంక్రాంతికి పొదిలి వచ్చిన కుర్రాడు హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాలు చదివే ఉద్యోగం చేస్తాడు. చదువంతా హాస్టళ్లలోనే గడిచింది కాబట్టి సొంతూరి పొలిమేరలు అతను నడిచి చూసినదానికంటే కంప్యూటర్లో చూసిందే ఎక్కువ. కొనకనమిట్ల రోడ్డు పక్కన మందను ఆపుకుని బీడీ కాలుస్తున్న పెద్దాయన, కుర్రాడి నాన్న బొలేరో ఆగడం చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. కుర్రాడు దిగి, బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచాడు.

"తాతా, ఇది మీ కోసమే. సెంటినెల్-2 అని యూరప్ వాళ్ల ఉపగ్రహాలు. అయిదు రోజులకోసారి మన నెత్తి మీంచి పోతాయి. పచ్చటి ఆకు ఎర్ర వెలుగును మింగేసి, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ తేడా లెక్కగడితే మేత ఎక్కడుందో తెలిసిపోతుంది. కెన్యాలో మార్సబిట్ అనే చోట 2010లో ఈ లెక్క మీదే కాపరులకు బీమా మొదలుపెట్టారు. కరువు మండలాలు తేల్చేటప్పుడు మనవాళ్లూ ఇది చూస్తారు."

పెద్దాయన తెర మీదికి వంగి, చెరువు పక్కన దట్టంగా ఉన్న పచ్చదనం మీద వేలు పెట్టాడు.

"ఇయ్యి చిల్లచెట్లు బాబూ. కాయలైతే తింటయ్ గానీ ఆకు ముట్టవు."

"తెలుసు. ఏప్రిల్లో గడ్డి ఎండుతుంది, చిల్ల ఎండదు. అందుకే ఎండాకాలం ఫొటోలో పచ్చగా మిగిలిందంతా తీసేశా" అని ఇంకో పటం చూపించాడు.

తెలివైన పనే. 1877లో పై దేశాల నుంచి మనకు తెచ్చిన ఆ చెట్టు, కరువులో కూడా మెట్టను పైనున్నవాడికి సస్యశ్యామలంగా చూపించగలదు.

చిల్ల పోయేసరికి పటం వెలవెలబోయింది. కంది, మిరప చేలకు వేరే రంగు వేశాడు. మిగతా అంతా బూడిదరంగు బీళ్లు. వాటి నడుమ ఒకే ఒక్క పచ్చని చతురస్రం.

"ఇది చూడు. ఇరవై ఎకరాలుంటుంది. అదే నేల, అదే వాన. 2021 దాకా ఇదీ పక్క బీళ్ల లాగే బోసిగా ఉంది. అప్పట్నుంచి ఏటా పచ్చగానే కనిపిస్తోంది. అంచులు కూడా స్కేలు పెట్టి గీసినట్టున్నాయి! మట్టి పరీక్ష చేయించాలి. ఇంత మేత ఊళ్లో పెట్టుకుని మీరంతా మాగాణి ఊళ్ల దాకా మందలు తోలుకుపోతారెందుకు?"

పెద్దాయన బీడీని నేలకు రాసి ఆర్పాడు.

"మట్టిలో ఏం లేదు బాబూ. గొర్రె కాలు పెట్టకపోతే ఏ గడ్డయినా లేస్తది. మా తాతల నాటి నుంచి అది ఊరి పశువుల బీడు. ఇప్పుడు చుట్టూ ఇనప కంచె ఉంది. మీ ఫొటోలో పడలేదేమో."

"ఊరి బీడుకు కంచేంటి? ఎవడేశాడు?" కుర్రాడి మొహం ఎర్రబడింది. "ఏ నెలలో వేశాడో కూడా ఈ బొమ్మల్లో తీసి చూపిస్తా. ఎంత పెద్దవాడైనా సరే, పండగ కాగానే కలెక్టరుకు అర్జీ పెడదాం. నువ్వు పేరు చెప్పు చాలు."

పెద్దాయన కర్ర అందుకుని మందను అదిలించాడు.

"అర్జీ దాకా ఎందుకులే బాబూ. రాత్రి అన్నాల కాడ మీ నాయన్ని అడుగు."