తీరయాత్రా పత్రానికి టీకాతాత్పర్యాలు

మూలం: ఉదయం 8 గంటలకు ఓడ దిగి, గైడు వెంట కోటలను, చారిత్రక స్థలాలను దర్శించి, సాయంత్రం 4 గంటలకు తిరిగి చేరవలెను. ఓడ ఆగదు.

అవతారిక: విశాఖ రేవులో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైన నాటినుండి తీరయాత్ర, అనగా విహారనౌక రేవులో నిలిచిన కొద్ది గంటలలో ఊరు చూసివచ్చే ఏర్పాటు, ఆంధ్రదేశంలో కూడా వ్యాఖ్యానానికి అర్హమైంది. పై మూలం ఏ ఒక్క ఓడవారిదీ కాదు. అటువంటి పత్రాలన్నిటి సారాన్ని సూత్రంగా కుదించి, అనకాపల్లి పక్కనున్న శంకరం గ్రామపు బౌద్ధక్షేత్రమైన బొజ్జన్నకొండకు ఇక్కడ అన్వయించడం జరిగింది.

ప్రతిపదార్థం: ఉదయం 8 గంటలకు = ఓడ గడియారంలో 8 గంటలకు (ఓడలోని కాలం, ఒడ్డుమీది కాలం ఒక్కోచోట వేరుపడతాయి గనుక చేతిగడియారాన్ని ఓడకాలానికే ఉంచడం పెద్దల మతం); ఓడ దిగి = వరుసలో నిలిచి, కార్డు చూపి, బస్సు నంబరు స్టిక్కరును చొక్కాకు అంటించుకొని; గైడు వెంట = ఎత్తిపట్టిన గొడుగు వెంట; కోటలను = ఈ దారిలో లేనివాటిని; చారిత్రక స్థలాలను = ఉన్నవాటిని; దర్శించి = ఫొటో తీసి; చేరవలెను = చేరి తీరవలెను.

టీక: అనకాపల్లి దారిలో కోట ఎక్కడిదని పూర్వపక్షి, అనగా సిద్ధాంతానికి ముందు ఆక్షేపణ చెప్పేవాడు, అడుగుతాడు. విజయనగరంలో 18వ శతాబ్ది కోట ఉన్నమాట నిజమే గాని, అది విశాఖకు ఉత్తరపు దిక్కు, అనకాపల్లి పడమటి దిక్కు. ఒకే పూట రెండు దిక్కులకూ పోయే బస్సు ఇంకా పుట్టలేదు. కాబట్టి కోట అన్నమాట ఉపలక్షణం, అంటే ఒకదాన్ని పేర్కొని తత్సమానమైనవాటినన్నిటినీ గ్రహింపజేయడం, అని సమాధానం.

కొండ విషయానికి వస్తే, ఇక్కడివి రెండు: తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. రాతిని తొలిచి చిన్నవీ పెద్దవీ స్తూపాలను వరుసలుగా నిలిపిన చోటు రెండవది, లింగాలను పోలిన వాటి ఆకారమే దాని పేరుకు కారణం. మొదటిదానిపై గుహలు, గుమ్మానికి ఇరువైపులా ద్వారపాలకులు, పదహారు స్తంభాల గుహ నడుమ ఏకశిలా స్తూపం ఉన్నాయి. శిఖరాన ఉన్న మహాస్తూపం లోపలి భాగం కొండరాయే, పైతొడుగు మాత్రం ఇటుక. 20వ శతాబ్ది తొలి దశకంలో పురావస్తు శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు సముద్రగుప్తుని బంగారు నాణెం కూడా ఇక్కడ దొరికింది. స్తూపాన్ని పూజించిన హీనయానం, బుద్ధవిగ్రహాన్ని ముందుకు తెచ్చిన మహాయానం, తంత్రప్రధానమైన వజ్రయానం, మూడింటి జాడలూ ఒకే కొండమీద ఉండగా, మెట్లెక్కి ఆయాసం తీర్చుకొనేలోపు మూడు యానాలనూ ముగించవలసిన గైడు పరిస్థితి నిజంగా జాలిగొలిపేది. కనుమనాడు బొజ్జ ఉన్న విగ్రహంపై ఊరివారు రాళ్లు రువ్వే ఆచారం ఉండేదనీ, పురావస్తు పరిరక్షకుల చొరవతో అది ఆగిందనీ చెప్పే ఘట్టాన్ని చాలామంది గైడులు దాటవేస్తే తప్పుపట్టలేము.

ఇక "ఓడ ఆగదు" అన్న వాక్యం. ఓడవారే కుదిర్చిన బస్సు ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. సొంత టాక్సీ మాట్లాడుకొని వెళ్లినవారికోసం ఆగదు, వారు మరుసటి రేవుకు తమ ఖర్చుతో చేరుకోవాలి. కనుక ఇది సామాన్యశాస్త్రం, అనగా అందరికీ వర్తించే నియమం, కాదు; ఓడవారి తీరయాత్రకు టికెట్టు కొననివారికి చెప్పిన విశేషశాస్త్రం. రేవునుండి శంకరానికి సుమారు 40 కిలోమీటర్లు; గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం కూడళ్లు దాటి వెళ్లి, మళ్లీ అవే దాటి రావలసి ఉన్నందున, భోజనం పోను కొండకు మిగిలేది స్వల్పం. అందులోనూ అనకాపల్లి బెల్లం మార్కెట్టు చూపమని ఎవరో ఒకరు అడుగుతారు. దేశంలో పేరుమోసిన ఆ మార్కెట్టులో వేలానికి పేర్చిన దిమ్మలను చూసి ముచ్చటపడి ఒకటి కొన్నవారు, దాన్ని ఓడ తనిఖీ బల్లమీద ఏమని వివరిస్తారో మూలం చెప్పలేదు.

తాత్పర్యం: ఈ సూత్రంలో కర్త యాత్రికుడు కాడు, గైడూ కాడు; సాయంత్రం 4 గంటలే కర్త, కొండ కేవలం కర్మ. అయితే ఆ 4 గంటల నియమం ఓడ ఎక్కవలసినవారికే గాని, బొజ్జన్నకొండ ఆటో దూరంలో ఉండి కూడా ఎన్నడూ ఎక్కని అనకాపల్లివారికి వర్తించదు. వారు ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, మంచినీళ్ల సీసాతో బయలుదేరడం మేలు.